అబ్బాజాన్ సైకిలు

ఇంట్లో పాతబడిన వస్తువును ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన రోజు ఒకటి వస్తుంది. గత వేసవిలో మా ఇంట ఆ రోజు అబ్బాజాన్ సైకిలుకు వచ్చింది.

రేపల్లెలోని పాత ఇంటి వసారాలో అది చాలా ఏళ్లుగా గోడకు ఆనుకుని ఉంది. 28 అంగుళాల చక్రాలు గల అట్లాస్ సైకిలు. పాత ఇనుము కొనే అతను తూకం వేసి నాలుగు వందలు ఇస్తానన్నాడు. "ఇచ్చేద్దాం అబ్బా, ఇక దాన్ని ఎవరు తొక్కుతారు?" అన్నాడు మా అబ్బాయి. మేమూ తల ఊపబోయాము. అంతలో మంచం మీది నుంచి అమ్మీ, "ఉప్పెన వచ్చిన ఏడు మీ నాన్న ఏటి అవతలికి వెళ్లింది ఆ సైకిలు మీదే" అన్నారు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. రేపల్లెకూ దివిసీమకూ నడుమ కృష్ణానది. పెనుమూడి, పులిగడ్డల మధ్య వారధి అప్పటికి లేదు. నీళ్లు తీశాక అబ్బాజాన్ బియ్యం మూటనూ, బట్టల మూటనూ క్యారియరుకు కట్టి, పెనుమూడి రేవులో సైకిలును పడవ ఎక్కించి అవతలికి వెళ్లారట. పది రోజుల తరువాత తిరిగి వచ్చి, బురద పట్టిన సైకిలును విప్పి కిరసనాయిలుతో కడిగారట. ఈ సంగతి ఆయన మాకు ఎన్నడూ చెప్పలేదు. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్న బోధను ఆయన పాటించిన తీరు అది. అబ్బాయి మరి మాట్లాడలేదు. సైకిలు ట్రాలీ ఆటోలో తెనాలిలోని మా ఇంటికి చేరింది.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలు. ఉప్పు తోడైతే ఆ పని మరింత వేగిరపడుతుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో పూత లేచిపోయిన ఇనుము ఎంతో కాలం నిలువదు. అందుచేత రంగు అలంకారమే కాదు, రక్షణ కూడా.

విప్పడంలోనే మా అజ్ఞానం బయటపడింది. ఎడమ పెడలు ఎంత తిప్పినా కదలలేదు. ఆ వారం బాపట్లలోని మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, అక్కడ సైకిళ్లు బాగుచేసే ఒక వృద్ధుణ్ణి అడిగాము. "ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది బేటా. కుడివైపుకు తిప్పితేనే ఊడుతుంది. నీకు బలం చాలక కాదు, దిక్కు తప్పింది" అన్నారాయన. ఇంటికి వచ్చి అలాగే తిప్పితే రెండు నిమిషాల్లో ఊడింది.

పాత పూతను గీకేటప్పుడు జాగ్రత్త అవసరం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. కనుక పొడిగా గీకరాదు. నీళ్లలో వాడే ఉప్పు కాగితాన్ని తడిపి రుద్దాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చిన్నపిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచాలి. రుద్దినది కింద పరచిన కాగితాల మీదే పడేలా చూసుకోవాలి. ఆ తరువాత ఇనుమును బాగా తుడిచి ఎండబెట్టి, ఆ పూటే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. ఒక రాత్రి ఆగితే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

ప్రైమర్ ఆరాక నల్ల ఎనామిల్ పలుచగా రెండు పూతలు. ఇక్కడ మేము తొందరపడ్డాము. మొదటి పూత పైకి ఆరినట్లు కనిపించగానే, సాయంత్రమే రెండవది వేశాము. తెల్లవారేసరికి రంగంతా ముడతలు పడింది. అంతా గీకి మళ్లీ మొదలుపెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వాడే ముందు కాగితం తడిపాడు.

అట్లాస్ చివరి కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే మూతపడింది. అయినా ఈ రకం సైకిళ్ల కొలతలు దాదాపు ఒక్కటే గనుక టైర్లు, ట్యూబులు, ఛైను తెనాలిలోనే దొరికాయి. మొత్తం ఖర్చు రెండు వేలు దాటింది. లెక్క చూసుకుంటే ఇది లాభసాటి పని కాదని ఒప్పుకుంటున్నాము.

చివరికి క్యారియరు మిగిలింది. దాని అంచున తాళ్లు ఒరుసుకుని పడిన గాడులు ఉన్నాయి. పుట్టీ పెట్టి నునుపు చేద్దామని మేము డబ్బా మూత తీశాము. అబ్బాయి మా చేయి పట్టుకున్నాడు. "ఇవి దాదాజాన్ కట్టిన మూటల గుర్తులు అబ్బా. పూడ్చవద్దు" అన్నాడు. గాడులను అలాగే ఉంచి, తుప్పు పట్టకుండా వాటి మీద రంగులేని వార్నిషు మాత్రం వేశాము.

ఇప్పుడు వాడు ఆ సైకిలు మీదే జుమా నమాజుకు వెళ్తున్నాడు. మొన్న రేపల్లె నుంచి వచ్చిన అమ్మీ దాని రంగు చూడలేదు. చేత్తో తడిమి క్యారియరు దగ్గర ఆగారు.