పాదలేపనం మాకూ కావాలి

ఈ మధ్య మన క్లాసు రెండు వర్గాలైంది. ఫోన్‌లో ‘వేర్ విండ్స్ మీట్’ ఆడేవాళ్లం ఒక వర్గం. మమ్మల్ని చూసి తల కొట్టుకునేవాళ్లు ఇంకో వర్గం. “తెలుగు చదువుకునే ఆడపిల్లలు, చైనా కత్తియుద్ధాలు మీకెందుకమ్మా?” అని పెద్దవాళ్లు కూడా అంటున్నారు. అడిగినందుకు సంతోషం. జవాబు నోటితో చెబితే నవ్వులాటలో కొట్టుకుపోతుంది గనక ఇక్కడ గోడ మీద పెడుతున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ ఆటలో మాకు నచ్చింది కత్తి కాదు, దారి.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. దీన్ని చైనాలోని ఎవర్‌స్టోన్ స్టూడియో తయారుచేసింది, నెట్‌ఈజ్ కంపెనీ విడుదల చేసింది. అక్కడ 2024 డిసెంబరులో వచ్చింది. మిగతా ప్రపంచానికి 2025 నవంబరులో కంప్యూటర్‌లోకి, డిసెంబరులో ఫోన్‌లోకి వచ్చింది. కథాకాలం 10వ శతాబ్దం. చైనా అయిదు రాజవంశాలు, పది రాజ్యాలుగా చీలి ఉన్న రోజులు. మన నన్నయకి కాస్త ముందు కాలం అనుకోండి. అందులో మనది కత్తి పట్టిన ఒక యువ యోధ పాత్ర. ఆడో మగో మన ఇష్టం.

‘ఓపెన్ వరల్డ్’ అంటే వరసగా మెట్లు ఎక్కించే ఆట కాదు. ఒక సీమ మొత్తం మన ముందు పరిచి పెడతారు. కొండ కనిపిస్తే ఎక్కొచ్చు, ఏరు కనిపిస్తే దిగొచ్చు. కథ చెప్పిన పని వదిలేసి సాయంత్రమంతా గుర్రం మీద తిరిగినా అడిగేవాడు లేడు. యుద్ధాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆయుధాల్లో గొడుగు ఉంది, విసనకర్ర ఉంది. విసనకర్రతో తోటివాళ్ల గాయాలు మాన్పే విద్య కూడా ఉంది. వైద్యం వృత్తిగా పెట్టుకుని రోగుల్ని చూసుకుంటూ పోవచ్చు. గోడల మీద పరుగు, నీళ్ల మీద నడక, గాలిలో తేలడం లాంటి విద్యలున్నాయి. మన అష్టసిద్ధుల్లో ‘లఘిమ’ని బట్టీ పట్టి పరీక్షలో రాశాం కదా, అది కళ్లారా చూడాలంటే ఇక్కడ చూడండి.

ఇంకొకటి. ఒకసారి నడిచి చేరుకున్న చోటికి రెండోసారి నడవక్కర్లేదు. పటంలో గుర్తు మీద వేలు పెడితే క్షణంలో అక్కడ ఉంటాం. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను పకపకా నవ్వాను. ఎందుకంటే ఇది పెద్దన గారి పాదలేపనం! మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకి పూసుకుని అరుణాస్పదపురం నుంచి హిమాలయాలకి వెళ్లిపోలేదూ? చైనావాళ్ల కంటే 500 ఏళ్ల ముందే ఈ సౌకర్యం తెలుగులో ఉంది. మంచులో కరిగిపోయే లోపం ఒక్కటే.

నవ్వులాట పక్కన పెట్టి ఆ ఘట్టం ఒకసారి ఆలోచించండి. ప్రవరుడు ఇల్లు కదలని గృహస్థు. అయినా ఊరికి ఎవరొచ్చినా ఏయే దేశాలు చూశారు, ఏం విశేషాలున్నాయని అడుగుతాడు. చూడాలన్న ఆశే అతన్ని కొండెక్కించింది. కావ్యం నడిచిందే ఆ ఆశ మీద. ఎవరూ అతన్ని “నీకెందుకయ్యా హిమాలయాలు” అనలేదు. కాశీమజిలీ కథలు చూడండి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు ఆ యాత్రని 12 భాగాలు నడిపించారు. మజిలీకో వింత, వింతకో కథ. ఓపెన్ వరల్డ్ ఆట అంటే సరిగ్గా అదే. ఊరు చేరడం, అక్కడ ఏదో వింత చూడడం, దాని వెనక కథ తవ్వడం. అయితే ఆ యాత్రలో నడిచేది గురువూ శిష్యుడూ, ఇద్దరూ మగవాళ్లే.

మన కథల్లో ఆడవాళ్లు గడప దాటరా అంటే, దాటుతారు. సీత దాటింది, దమయంతి దాటింది. ఒకరు భర్త వెంట అడవికి వెళ్లి అపహరణకి గురైంది. ఒకరిని అదే అడవిలో భర్త వదిలేసిపోయాడు. బాలనాగమ్మని మాయలఫకీరు ఎత్తుకుపోయాడు. ఊరికే, చూడాలనిపించి బయల్దేరి, చూసి, క్షేమంగా ఇంటికొచ్చి కబుర్లు చెప్పిన ఆడపిల్ల కథ మన సిలబస్‌లో ఎక్కడుందో మీరే వెతకండి. నాయని కృష్ణకుమారి గారు ‘కాశ్మీర దీపకళిక’ రాసి ఆ లోటు కొంత తీర్చారు. అలాంటి పుస్తకాలు ఇంకా ఎన్ని ఉండాలి!

ఇప్పుడు మా ఊరి సంగతి. నాది పొట్టంగి. సాలూరు దాటి ఘాటీ ఎక్కితే సుంకి, ఇంకా పైకి పోతే మేము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా కోరాపుట్ సీమంతా విశాఖపట్నం జిల్లాలోదే. అందుకే బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగాం. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి కొండ మా వైపే ఉంది. ఎత్తు 1672 మీటర్లు. ఇప్పుడు పైదాకా రోడ్డు కూడా ఉంది, ఎక్కడెక్కడి నుంచో బండ్ల మీద వచ్చి సూర్యోదయం చూసి పోతున్నారు. మా తమ్ముడు స్నేహితులతో లెక్కలేనన్నిసార్లు వెళ్లొచ్చాడు. నేను ఒక్కసారీ వెళ్లలేదు. “పెళ్లయ్యాక మీ ఆయనతో ఎల్దువుగాని” అంటుంది అమ్మ. దేవమాలి నాకోసం ఆగుతుంది, తెలుసు. నేనెందుకు ఆగాలో ఎవరూ చెప్పరు.

ఇంకో మాట. ఆ ఆటకి చైనా భాషలో ఉన్న అసలు పేరులో ‘యాన్‌యున్ పదహారు’ అన్న మాట వస్తుంది. 10వ శతాబ్దంలో ఒక రాజు పొరుగువాళ్లకి ఇచ్చేసుకున్న పదహారు సరిహద్దు మండలాలవి. ఆ సంగతి చదవగానే నాకు కొటియా గుర్తొచ్చింది. మా పొట్టంగి బ్లాకులోని ఆ 21 ఊళ్లని ఒడిశా మావంటుంది, ఆంధ్ర మావంటుంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎన్నికలొస్తే పేపర్లలో ఫొటోలు పడతాయి. మా ఇంటికి ఎంతో దూరం లేని ఆ ఊళ్లలో నేను ఒక్కటీ చూడలేదు. చైనాలో కైఫెంగ్ నగరం సందులు మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను. ఇందులో తప్పు ఆటదంటారా?

“కొండల్లో ఆడపిల్లలు తిరగడం ఏంటి, ప్రమాదం” అనేవాళ్లు ఒక్క వారం కుందులి సంతకి రండి. తెల్లవారకముందే అల్లం, పసుపు, కూరగాయలు తలకెత్తుకుని కొండ దారులమ్మట వచ్చేది ఆడవాళ్లే. బేరం చేసేదీ వాళ్లే, చీకటి పడ్డాక నడిచి ఇంటికి పోయేదీ వాళ్లే. వాళ్లది విహారం అని నేను అనను. నెత్తి మీద బరువు లేకుండా ఆ దారిన వాళ్లు ఎప్పుడు నడిచారో వాళ్లనే అడగాలి. నేననేది ఇదీ: బరువు మోసేటప్పుడు లేని ప్రమాదం, చేతులూపుకుంటూ నడిచేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? పనికి పోయే ఆడదానికి దారి తెరిచే ఉంటుంది. ఊరికే చూడడానికి పోయేదానికే మూసేస్తారు. చదువుకున్న మా పరిస్థితి చూస్తే ఇంకా విచిత్రం. డిగ్రీకి వచ్చాక మాకు దక్కిన కొత్త సంగతి సాయంత్రం ఆరింటికి మూసే హాస్టల్ గేటు.

ఇక ఆట మీద వచ్చే అభ్యంతరాలు. మొదటిది, డబ్బు. ఆన్‌లైన్ రమ్మీలు, బెట్టింగులు ఎన్ని ఇళ్లు కూల్చాయో మన ఊళ్లలో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. మంచి పని. కానీ ఇది పందెం ఆట కాదు. ఉచితంగానే ఆడొచ్చు. డబ్బు పెట్టమని ఊరించేది ఎక్కువగా బట్టలు, అలంకారాల కోసం. ఆ ఊరింపుకి లొంగకుండా ఉండడం మన చేతిలో పని, చీరల షాపు ముందు నడిచినట్టే.

రెండోది, సమయం. ఇది నిజమైన అభ్యంతరం. అంతులేని ఆట గనక రాత్రిళ్లు తినేస్తుంది. ఇంటర్నల్స్ ముందు ఆడేవాళ్లని నేను వెనకేసుకురాను. మా అమ్మ అర్ధరాత్రి లేచి, “ఏటే, ఈ యేళప్పుడు ఎవుల్ని సంపుతున్నావే?” అని అరిచిందంటే ఆమెదే న్యాయం.

మూడోది, కొట్లాట ఆడపిల్లలకి తగదనేది. దీనికి మాత్రం ఒప్పుకోను. ఇది సాముగరిడీల సీమ. కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన వీరఘట్టం మనకి పక్కనే. ఊరి పండగలో కర్రసాము చేస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్లలో సగం మంది ఆడవాళ్లమే. చప్పట్లకి పనికొచ్చిన చేతులు కర్రకి పనికిరావా?

అన్నీ చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఆటలో ఎంత తిరిగినా కాళ్లు నొప్పి పుట్టవు, ముక్కుకి వాసన తగలదు, ఎదురైన ముసలమ్మ మన భాష మాట్లాడదు. వేరేవాళ్లు గీసిన పటం అది. అందులో ప్రతి వంతెనకీ, ప్రతి పాడుబడ్డ గుడికీ వాళ్ల కథ ఒకటి పెట్టుకున్నారు. మన దారుల కథలు ఎవరు పెట్టాలి? రేపు ఎవరైనా బొబ్బిలి కోట మీదో, పలనాటి మీదో ఇలాంటి ఆట చేద్దామంటే, ఏ ఊళ్లో ఏ మాట వాడతారు, ఏ గట్టు మీద ఏ కథ చెబుతారు అని అడిగేది మనలాంటి తెలుగు చదివినవాళ్లనే. గది దాటని మనం ఏం చెబుతాం? ఏటా ఆగస్టు 29న మనం దండ వేసే గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉండి సవరలతో మాట్లాడి వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. అలమరలో పుస్తకాలు తిరగేసి సాధించింది కాదు అది.

అందుకని డిపార్ట్‌మెంట్‌కి మూడు విన్నపాలు. ఒకటి, ఈ ఏడాది సెమినార్ ఖర్చులో కొంత తగ్గించి మమ్మల్ని ఒక్కరోజు బయటికి తీసుకెళ్లండి, బొబ్బిలి అయినా సరే, మా ఘాటీ అయినా సరే. రెండు, ఈ గోడ పక్కనే ఒక పెద్ద పటం అంటిద్దాం. ఎవరి ఊరి దగ్గర వాళ్లు తమ ఊరి కథ ఒకటి రాసి పెట్టాలి, మజిలీకో కథ. పొట్టంగి దగ్గర నాది నేను రాస్తాను. మూడు, ఆరింటి గేటు గురించి స్టాఫ్ మీటింగులో ఒక్కసారి మాట్లాడండి, మేడమ్. లైబ్రరీలో కూర్చునే వీలు లేకపోవడానికీ కారణం అదే.

ఫోన్ లాక్కుంటే ఆట ఆగుతుంది. కొండ చూడాలన్న కోరిక ఆగదు. అది ప్రవరుడికి ఉంటే కావ్యమైంది. మాకు ఉంటే క్రమశిక్షణ లోపం అనకండి.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని, పొట్టంగి