మీ సబ్‌వూఫరు ఎవరి నిద్ర మీద మోగుతోంది?



ఈ వారం ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి ఇవెందుకు అనుకోకండి. మన కూర్మన్నపాలెంలో ఇది పొరుగువానిని ప్రేమించే విషయమే.

గృహ కూటం పెట్టుకునే ఇళ్లలో ఇప్పుడు చిన్న ఆంప్లిఫయరు, దాని పక్కన సబ్‌వూఫరు మామూలైపోయాయి. తప్పు కాదు. కొనేటప్పుడు "గోడలు అదురుతాయా?" అని అడగడమే తప్పు.

మొన్నొక ఇంట్లో ఉదయం తొమ్మిదింటికి కూటం. వాక్యం చెబుతున్నది నేనే. పై వాటాలో ఉండే ఆయన దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "పాస్టరుగారూ, సి షిఫ్టు చేసి వచ్చానండి. తలుపులేసుకున్నా మంచం అదురుతోంది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మిగతా వాక్యం నా నోట సరిగా రాలేదు.

"పగలే కదా, చట్టం ఒప్పుకుంటుంది" అంటారు కొందరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. ఉక్కు కర్మాగారం సి షిఫ్టు కూడా ఆ గంటలే! చట్టం నిద్రను కాపాడే వేళ ఆయన డ్యూటీలో ఉంటారు. ఆయనకు రాత్రి మొదలయ్యేది మన ఉదయ కూటంతోనే. చట్టం వదిలేసిన ఆ నిద్రను ప్రేమ కాపాడాలి.

"దేవుని పనిని ఎవరు ఆపుతారు?" అంటారా? చెన్నైలో ఒక సంఘం మత స్వేచ్ఛ పేరుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. లోకపు న్యాయస్థానం మనకు ప్రేమ నేర్పవలసి వచ్చింది. సిగ్గుపడదాం.

"శబ్దమే సాక్ష్యం" అంటారా? కర్మెలు మీద మధ్యాహ్నం దాకా కేకలు వేసింది బయలు ప్రవక్తలు. పొద్దున్నే గట్టిగా దీవిస్తే అది శాపంగా లెక్కకొస్తుందని సామెతలు 27:14లోనే ఉంది.

కొనేవారికి నాలుగు మాటలు. డబ్బా మీద వేలల్లో ఉండే పీఎంపీవో అంకె నమ్మకండి, ఆర్ఎంఎస్ వాట్లు చూడండి. మామూలు గదికి ఇరవై ముప్పై వాట్లు చాలు. స్పీకరు ఓమ్స్ ఆంప్లిఫయరు చెప్పిన దానికంటే తక్కువ ఉంటే అది వేడెక్కి పాడవుతుంది. సబ్‌వూఫరుకు వేరే నాబ్ ఉన్నదే తీసుకోండి.

మాట స్పష్టత హల్లుల్లో ఉంటుంది. అది చిన్న స్పీకర్ల పని. సబ్‌వూఫరు ఇచ్చేది కింది స్వరాలే, అవే గోడలు, శ్లాబు దాటి పోతాయి. కాబట్టి వాక్యం చెప్పేటప్పుడు దాని నాబ్ పూర్తిగా తగ్గించండి. మూలన పెడితే మోత పెరుగుతుంది, మూలకు దూరంగా జరపండి. కింద మందపాటి రబ్బరు వేయండి. తర్వాత తలుపేసి మెట్ల మీద నిలబడి వినండి. ధమధమ వినిపిస్తే ఇంకా తగ్గించండి.

అన్నిటికంటే ముందు, కూటం తేదీ పెట్టకముందే పొరుగింటి తలుపు తట్టి "ఈ వారం మీది ఏ షిఫ్టండీ?" అని అడగండి. సి షిఫ్టయితే సాయంత్రం పెట్టుకుందాం. పై వాటా ఆయనతో నేను ఆ మాట ఇచ్చి వచ్చాను. మీరు నన్ను అబద్ధికుణ్ణి చేయకండి.

ప్రభువు మీ గృహములను, మీ పొరుగువారి నిద్రను దీవించును గాక. ఆమేన్.