రంగు చూసి బయానా ఇయ్యొద్దు



మన సోలాపూర్ తెలుగోళ్ళకు ఏడాదికొకసారి వేములవాడకో శ్రీశైలానికో పోవుడు అలవాటే. మా ఇంటామెకు మోకాళ్ళ నొప్పులు, రైలు మెట్లు ఎక్కలేదు. అట్లున్నప్పుడు అల్లుడొచ్చి, "మామా, హైదరాబాద్‌ల పన్నెండు సీట్ల పాత వ్యాను ఉన్నది. సీట్లు తీసి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు పెట్టిండ్రు. ఐదు లక్షలకు ఇస్తరట" అన్నడు. ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లు! నా గ్రాట్యుటీ పైసలు బ్యాంకులనే ఉన్నయి. ఆశ పుట్టింది.

పోయి చూస్తే బండి కొత్త పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది. "రేపు ఇంకో పార్టీ వస్తుంది" అన్నడు అమ్మేటాయన. అక్కడికక్కడే పదివేలు బయానా ఇచ్చిన. రసీదు అడగలేదు.

వారం తర్వాత మా పాత మిల్లు దోస్తును తోలుకపోయిన, ఇప్పుడు ఆయన మెకానిక్ పని చేస్తడు. ముందుగాల బానెట్ మీద చెయ్యి పెట్టిండు. వేడిగా ఉన్నది. "అన్నా, మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టిండ్రు. చల్లటి ఇంజను ఎట్ల లేస్తదో చూడాలె" అన్నడు. పొగ నీలంగా వచ్చింది, అంటే ఇంజను ఆయిల్ తాగుతున్నదట. పరుపు లేపితే కింద తేమ, పైకప్పు కురుస్తున్నది.

మనవరాలు ఫోన్ల ఆర్‌సీ వివరాలు తీసింది. "తాతా, ఇందుల ఇంకా పన్నెండు సీట్లే ఉన్నయి. ఫైనాన్స్ కంపెనీ పేరు కూడ ఉన్నది" అన్నది. అప్పు తీరలేదు, మంచాలు పెట్టినదానికి ఆర్‌టీఓ అనుమతీ లేదు. బేరం వద్దన్నం. పదివేలు తిరిగి రాలేదు.

సాంచెల మీద ముప్పై ఐదేండ్లు పనిచేసినోణ్ణి. గుడ్డ చేతికొస్తే వెలుతురుకు పట్టి చూసేటోణ్ణి. బండి దగ్గర ఆ బుద్ధి ఏమైందో!

అందుకే చెప్తున్నా. పైసలు ఇచ్చేముందే కాగితాలు చూడండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. అప్పు ఉంటే ఫారం 35తో పాటు ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ తేవాలి, మహారాష్ట్రలో పన్ను మళ్ళీ కట్టాలి. ఆ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్క వేసుకోండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదికి మార్పించుకోండి.

బండి అమ్మేవాళ్ళకూ ఒక మాట. పేరు మారక ముందు యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం భారం ఆర్‌సీలో పేరున్నవాళ్ళ మీదనే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి ఇచ్చేసినం కదా అని ఊరుకోకండి.

మా ఇంటామె మాత్రం, "పదివేలతోనే బుద్ధొచ్చింది, ఐదు లక్షలు పోలేదు, సంతోషపడు" అన్నది. వచ్చే కార్తీకంల కిరాయి బండిల శ్రీశైలం పోతున్నం. ముందు సీటు ఆమెకే.