హార్మోనియముపై వేటు

మంత్రాలయమున తుంగభద్రాతీరమందు దాసుల పదములు పాడు భజనపరులకు హార్మోనియమే తోడు. కడపజిల్లా సురభిలో 1885లో పుట్టిన నాటకసమాజపు పద్యమునకును అదియే యూపిరి. అట్టి వాద్యమును 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో వెలివేసెను! నాడు రేడియో కధిపతి లయొనెల్ ఫీల్డెన్ అను ఆంగ్లేయుడు. దానిని దూషించి వ్రాసినవాడు జాన్ ఫౌల్డ్స్ అను మరియొక ఆంగ్లేయుడు. గమకము పలుకదనిరి. నిజమే, పలుకదు, రవీంద్రుడును దాని నొల్లలేదు. అయినను భజన చేయు పామరునకు గమకపరీక్ష యేల?

దొరలు పోయిరి, నిషేధము పోలేదు. 1971లో కొంత సడలించువఱకు మనవారే దానిని భద్రముగా గాచిరి. ఈలోపల 1965లో లండనున బీటిల్సు గాయకులు ‘వుయ్ కెన్ వర్క్ ఇట్ ఔట్’ అను పాటలో హార్మోనియమునే మ్రోగించిరి. ఆ పాటను రేడియోలో విని మేమును తలలూపితిమి, దాచనేల? ఇంగ్లీషు పాటపై మాకు పగ లేదు. ఆ కుఱ్ఱవాండ్రకు తగిన వాద్యము మన భాగవతునికి తగదని మన రేడియోయే తీర్పు చెప్పుట మాకు కడుపుమంట. ఆ ముప్పదియొక్క యేండ్లలో మా సీమ హార్మోనిస్టులు వాయించిన వాద్యమును నేడు ఏ స్టేషను బీరువాలో వెదకుదుము?