ఇంటిపేరు గడిలో ఒంటి అక్షరమా?

కోయంబత్తూరులో ఒక సంస్థలో కొలువుకు చేరిన మన యువకుడొకడు ఇటీవల నా వద్దకు వచ్చాడు. సంస్థలోని వారందరి పేర్లను, ఫోన్ నంబర్లను, సంకేతపదాలను ఒకేచోట భద్రపరిచే డైరెక్టరీ సర్వర్‌ను నెలకొల్పే పనిని అతనికి అప్పగించారట. "అన్నా, ఇంటిపేరు గడిలో ఏమి రాయాల?" అని అడిగాడు.

నవ్వి వదలదగిన ప్రశ్న కాదిది. ఈ సర్వర్లు అనుసరించే ఎల్‌డాప్ ప్రమాణంలో వ్యక్తి నమోదుకు పూర్తి పేరు, ఇంటిపేరు రెండూ తప్పనిసరి. ఇంటిపేరు లేని నమోదును యంత్రం తిరస్కరిస్తుంది. మనకు ఇంటిపేర్లు లేవా? పెండ్లి మాటల్లో మొదట అడిగేది అదే కదా! కాని బడి రికార్డులో మిగిలింది తండ్రి పేరులోని తొలి అక్షరం మాత్రమే. ఆ ఒంటి అక్షరమే నేడు ఇంటిపేరై కూర్చుంటున్నది.

తప్పు యంత్రానిది కాదు. 1997లో వెలువడిన ఎల్‌డాప్ మూడవ కూర్పు యూనికోడ్‌ను స్వీకరించింది. ఒకే పేరును భాషా గుర్తులతో పలు భాషల్లో నమోదు చేసే ఏర్పాటు 1999లో వచ్చింది; 2004లో దానిని సవరించారు. ఆంగ్లం, తమిళం, తెలుగు మూడూ ఒకే వ్యక్తి నమోదులో పక్కపక్కనే ఉండవచ్చు. ఒకరి చోటును మరొకరు ఆక్రమించనక్కరలేదు. మన గడి ఉన్నది, ఖాళీగా ఉన్నది!

ఎందుకు? ఆ యువకుని చేతిలోనివన్నీ ఆంగ్ల పత్రాలే. ఓపెన్‌ఎల్‌డాప్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మాన్యువల్ పుటలను నెట్ లేకున్నా కంప్యూటరులోనే చదువుకోవచ్చు. మార్చి పంచుకోవడానికి దాని లైసెన్సు అనుమతిస్తుంది. 'బైండ్' అంటే తానెవరో చెప్పుకొని ప్రవేశం పొందడమని, నమోదులన్నీ వేరు, కొమ్మ, ఆకులుగా అమరిన చెట్టని తెలుగులో చెబితే కొత్తవాడికి సగం భయం తీరుతుంది.

"కొలువుకు ఆంగ్లం చాలదా?" అంటారు కొందరు పెద్దలు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారు బడిచదువు అంతంతే అయినా మోటారు సైకిలును విప్పి, బిగించి యంత్రవిద్య నేర్చారు. విద్య అర్థం కావడంలో ఉన్నది, అప్పగించడంలో కాదు.

రాజ్యాంగపు 29వ అధికరణం మన భాషను, లిపిని కాపాడుకొనే హక్కునిచ్చింది. 1956లో చేరిన 350-ఎ మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించమన్నది. వాటికై న్యాయస్థానంలో వాదిస్తూనే ఉంటాను. కాని మన గడిని మన పేరుతో నింపమని ఏ న్యాయమూర్తీ తీర్పు చెప్పడు.

మధుర నాయకరాజుల కొలువులో తెలుగు వచనం వర్ధిల్లింది. ఆ మధురలో, ఈ కోయంబత్తూరులో కంప్యూటరు చదివిన మన బిడ్డలు కొత్తవారి ఇరవై ప్రశ్నలకు తెలుగు వచనంలో జవాబులు రాయలేరా? చిన్న పుస్తకంగా అచ్చువేద్దాం, పెన్‌డ్రైవులో ఇంటింటికీ అందిద్దాం. తల్లిదండ్రులారా, మీ ఇంటిపేరును తెలుగులో పూర్తిగా రాసి ఈ రాత్రే బిడ్డల చేతికివ్వండి.

ఆ యువకునికి నేను చెప్పినదీ అదే: రికార్డులోని అక్షరాన్ని చెరపవద్దు, దాని పక్కన మీ తాత పలికిన ఇంటిపేరును తెలుగులో చేర్చు.