నెలవారీ కాగితంలో మన గడి ఏది?



విశాఖపట్నం పెద జాలరిపేట ఒడ్డున పొద్దున్నే కాసేపు నిలబడండి. వేటకు వెళ్లిన పడవ తిరిగొచ్చి ఇసుక మీదికి ఎక్కగానే లెక్క మొదలవుతుంది. డీజిల్ ఎంత తాగింది, చేప ఎంత పడింది, ఎవరి వాటా ఎంత. వల ఖాళీగా వచ్చిన రోజు కూడా ఎందుకు ఖాళీగా వచ్చిందో నలుగురూ మాట్లాడుకుంటారు. మన కొండల్లో సంత రోజు సాయంత్రం ఇంట్లో జరిగే లెక్క లాంటిదే ఇదీ.

ఈ మధ్య అక్కడ ఒక పెద్దాయనతో మాట్లాడుతుంటే కొవ్వాడ సంగతి వచ్చింది. ఆయన చుట్టాలు అటువైపు ఉన్నారు. "ఆ ప్లాంటు వస్తే కరెంటు ఎంత ఇస్తాదో అందరూ చెప్తన్నారు బాబూ. మా సముద్రం నెలకి ఎంత ఇస్తందో ఎవులైనా రాసుకున్నారేటి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు వాళ్ల లెక్క ఏంటో తెలుసుకుందాం. దేశంలో నడుస్తున్న ప్రతి అణువిద్యుత్ యూనిట్‌కీ నెలనెలా ఒక మార్కు పడుతుంది. దాన్ని కెపాసిటీ ఫ్యాక్టర్ అంటారు. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. 220 మెగావాట్ల యూనిట్ 30 రోజులూ ఆగకుండా పూర్తి శక్తితో నడిస్తే 15 కోట్ల 84 లక్షల యూనిట్ల కరెంటు రావాలి. వచ్చినది అందులో ఎన్నో వంతు అన్నదే ఆ మార్కు. 14 కోట్ల 25 లక్షలు వస్తే దాదాపు 90 శాతం. ఇంకో మార్కు కూడా ఉంది, అవైలబిలిటీ ఫ్యాక్టర్. నెలలో ఎన్ని గంటలు యంత్రం నడవడానికి సిద్ధంగా ఉందో అది చెబుతుంది. ఈ అంకెలను న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ బయటపెడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నెలవారీ నివేదికల్లోనూ ఉత్పత్తి లెక్కలు ఉంటాయి. మన పిల్లలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. చూడాలి కూడా.

ఈ అంకెలు అబద్ధమని నేను అనడం లేదు. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 దాకా ఒక్కసారి కూడా ఆగకుండా 962 రోజులు నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అక్కడ పనిచేసిన కార్మికుల, ఇంజినీర్ల కష్టం అది, గౌరవించాల్సిందే. బొగ్గు పొగ లేదన్నదీ నిజమే. పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు బూడిద పక్కన బతికే జనానికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ మార్కు యంత్రానికి వేసిన మార్కు. మనకు వేసింది కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. గుజరాత్‌లో తాపీ జిల్లా ఉంది. జనాభాలో అత్యధికులు మనలాంటి ఆదివాసీలే. కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం అక్కడే ఉంది. 2016 మార్చి 11 ఉదయం దాని మొదటి యూనిట్ పూర్తి శక్తితో నడుస్తోంది. కాగితం ప్రకారం ఇంతకంటే మంచి పనితీరు ఉండదు. ఆ ఉదయమే లోపల ఒక కూలెంట్ గొట్టం చీలి భారజలం లీకయింది. యూనిట్ ఆగిపోయింది. పరిమితి దాటి రేడియేషన్ బయటికి రాలేదని అధికారులు చెప్పారు. ఆ యూనిట్ మళ్లీ కరెంటు ఇచ్చింది 2019లో. అంటే నూటికి నూరు మార్కు వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

సున్నా వస్తే ప్రమాదం జరిగినట్టూ కాదు. కొవ్వాడకు తెస్తామంటున్నవి వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఏపీ1000 రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు, మొత్తం ఆరు. కైగాలో నడుస్తూ ఉండగానే ఇంధనం మార్చుకోవచ్చు. వీటికి అది కుదరదు. ఏడాదిన్నరకోసారి ఆపి, మూత తీసి, ఇంధనం మార్చాలి. ఆ నెల మార్కు పడిపోవడం మామూలే. కాబట్టి అంకెతో పాటు కారణం కూడా చెప్పమని అడగాలి. జాలరిపేటలో వల ఖాళీగా వస్తే కారణం చెప్పుకుంటారు కదా, అదే న్యాయం.

ఇంకో సంగతి. రియాక్టర్‌లో పుట్టిన వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా రెండు వంతుల వేడిని నీళ్లూ గాలీ మోయాలి. ప్లాంటు తొంభై మార్కులతో నడిచిన నెలలో ఆ మోత కూడా తొంభై మార్కులదే. నెలవారీ కాగితంలో కరెంటుకు గడి ఉంది. వేడికి లేదు, చేపకు లేదు.

గడి లేకపోతే ఏమవుతుందో జాలరన్న కంటే మనకే బాగా తెలుసు. మాచ్‌ఖండ్ చూడండి. 1955లో కరెంటు మొదలైంది. ఆ నీళ్ల కోసం జలాపుట్ డ్యామ్ కింద ఆదివాసీ పల్లెలు మునిగాయి. ఏ యూనిట్ ఎంత ఉత్పత్తి చేసిందో, ఎప్పుడు మరమ్మతుకు ఆగిందో దస్త్రాలు ఉంటాయి. మునిగిన పల్లెలో ఏ కుటుంబానికి ఎంత పోడు ఉండేది, ఎన్ని చింతచెట్లు, ఎన్ని జీలుగుచెట్లు ఉండేవి? వాళ్లు ఏ కొండ ఎక్కి ఎక్కడ తేలారు? ఆ దస్త్రం ఎక్కడ? పట్టా లేని భూమికి లెక్కే లేదు. లెక్క లేని దానికి పరిహారం లేదు. మన తాతలు నష్టపోలేదని కాదు, ఎంత నష్టపోయారో రుజువు చూపించే కాగితం మన చేతిలో లేదు. తర్వాత సీలేరు వచ్చింది. మోతుగూడెంలో ఒక్కోటి 115 మెగావాట్ల యూనిట్లు తిరిగాయి. టవర్లు మన కొండల మీద నుంచే వెళ్లాయి, వెలుగు మాత్రం ముందు కిందికి దిగింది.

యురేనియం కథా అంతే. జార్ఖండ్‌లోని జాదూగూడలో 1967 నుంచి తవ్వుతున్నారు. ఆ చుట్టూ ఉన్నది సంథాల్, హో పల్లెలు. ఖనిజం హైదరాబాద్ వచ్చి ఇంధనమవుతుంది. రియాక్టర్ మార్కు రియాక్టర్‌కే పడుతుంది, గని పక్కన ఊరికి ఏ మార్కూ లేదు. 2019లో నల్లమలలో యురేనియం అన్నప్పుడు చెంచులు ముందు నిలబడ్డారు, జనం కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. ముందే కదిలారు కాబట్టే ఆ మాత్రమైనా జరిగింది.

ఇప్పుడు కొవ్వాడ దగ్గరికి వద్దాం. అక్కడ ఇంకా ఒక్క యూనిట్ కరెంటు పుట్టలేదు. అంటే నెలవారీ కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. గడులు ఎవరు గీయాలో తేల్చుకోవాల్సింది ఇప్పుడే. మనకు కనీసం 1996 పీసా చట్టం ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. అమలు సంగతి పక్కనపెట్టినా పట్టుకోవడానికి ఒక కాగితం ఉంది. కొవ్వాడ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మత్స్యకారుడికి ఆ పాటి ఆసరా కూడా లేదు. సముద్రానికి పట్టా ఎవరిస్తారు?

అందుకే ప్లాంటు కావాలా వద్దా అన్న పోరాటం ఒకవైపు సాగుతుండగానే ఇంకో పని మొదలుపెట్టాలి. ఒడ్డున ప్రతి ఊళ్లో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ నెలలో ఎన్ని పడవలు వెళ్లాయి, ఏ చేప ఎంత పడింది, ఎంత దూరంలో పడింది, ఏ ధర పలికింది, చేపలు అమ్మే ఆడవాళ్ల చేతికి ఎంత మిగిలింది. తేదీ వేసి, నలుగురి సంతకాలతో. మూడు నాలుగేళ్ల లెక్క ఉంటే, రేపు చేప తగ్గినప్పుడు "ఎప్పుడూ ఇంతేగా" అనే నోరు మూతపడుతుంది.

రేపు ఒకవేళ ప్లాంటు నడిచినా మన డిమాండ్ సూటిగా ఉండాలి. కెపాసిటీ ఫ్యాక్టర్ రాసిన కాగితం మీదే, దాని పక్కనే, యూనిట్ ఎందుకు ఆగిందో, వదిలిన నీరు ఎంత వేడిగా ఉందో, కాంట్రాక్టు కార్మికుల ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో, ఎన్ని కుటుంబాల పునరావాసం బాకీ ఉందో రాయాలి. తెలుగులో రాయాలి. గ్రామసభలో చదివి వినిపించాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "ఇది జాలరోళ్ల గొడవ, మనకెందుకు" అనుకోవద్దు. కొండ మీద మునిగిన ఊరికీ ఒడ్డున ఖాళీ చేయమంటున్న ఊరికీ మధ్య తేడా ఒక్కటే. మన ఊళ్ల లెక్క రాసుకునే అవకాశం దాటిపోయింది. వాళ్లకింకా దాటలేదు.

చదువుకున్న మీరు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను పట్టుకుని ఒడ్డుకు రండి. ఆ పెద్దాయన అడిగిన దానికి మనం ఇవ్వగలిగిన జవాబు అదే.

జై ఆదివాసీ! జై మత్స్యకార!