మాస్టారి కుడిచెయ్యి

ఈసారి సంక్రాంతి, త్యాగరాజ ఆరాధన దగ్గర దగ్గరగా వచ్చాయి. రెండింటికీ కలిపి సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లా. బ్యాగులో లాప్‌టాప్, కెమెరా, 85 ఎంఎం లెన్సు. పెళ్లిచూపులకి మంచి చొక్కా తెచ్చావా అని అమ్మ అడిగింది. తేలేదు.

ఆరాధన కచేరీలో మృదంగం మా మాస్టారు. ‘మా’ అనే హక్కు నాకు మిగిలిందో లేదో గానీ, అలాగే అంటా. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో రెండేళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నా. పదో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అంటూ సాయంత్రం క్లాసులు మొదలయ్యాయి. మానేస్తున్నానని చెప్పడానికి మొహం చెల్లక, చెప్పకుండానే మానేశా. తర్వాత ఆ వీధిలోంచి వెళ్లాల్సొస్తే సైకిలు చుట్టుతిప్పి వెళ్లేవాణ్ణి.

కెమెరా చేతిలో ఉంటే ధైర్యం వస్తుంది. మొదటి వరసకి ఒక పక్కగా నేలమీద కూర్చున్నా.

కచేరీలో ఫ్లాష్ వాడకూడదని అందరికీ తెలుసు. రాగాలాపన జరుగుతుంటే షట్టర్ చప్పుడు కూడా నేరమే. అందుకని సైలెంట్ షట్టర్ పెట్టా. దాంతో ఇంకో తంటా ఉంది. స్టేజీ మీది లైట్లు మన కంటికి తెలియకుండా మినుకుతూ ఉంటాయి, ఫొటోలో అవి అడ్డచారలుగా పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, షట్టర్ స్పీడు 1/100 దగ్గర ఉంచితే చారలు చాలావరకు తగ్గుతాయి. కానీ ఆ వేగానికి మృదంగం మీద వేళ్లు నిలవవు, పొగలా కనిపిస్తాయి. మొదట చిరాకు పడ్డా. ఇంటికొచ్చి చూస్తే ఆ పొగే బాగుంది. గడ్డకట్టినట్టు నిలిచిపోయిన వేళ్లు వాయిస్తున్నట్టు ఉండవు, మృదంగం మీద చెయ్యి ఆనించి గ్రూప్ ఫొటోకి కూర్చున్నట్టు ఉంటాయి.

నాలుగు వందల ఫొటోల్లో మాస్టారు పూర్తిగా బాగున్నది ఒక్కటీ లేదు. మొహం బాగుంటే చేతికి మైకు స్టాండు అడ్డం. చేతులు బాగుంటే మొహం పక్కకి. సరే, కలిపేద్దాం అనుకున్నా. మొహం మొదటి ఆలాపనలోది. అప్పుడు మృదంగానికి పని ఉండదు, ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. చేతులు తని ఆవర్తనంలోవి. వెనక తెర నల్లగా ఉండటం కలిసొచ్చింది. ఒక లేయరు మీద ఇంకో లేయరు పెట్టి స్క్రీన్ మోడ్‌కి మారిస్తే నలుపు మాయమై వెలుగు మాత్రమే మిగులుతుంది. అలా మూడు ఫొటోల్లోని వేళ్లని ఒకదానిమీద ఒకటి పరిచా.

రంగు దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. స్టేజీ వాళ్లు గులాబీ రంగు ఎల్‌ఈడీ వేశారు. రెడ్ ఛానెల్ 255కి వెళ్లి గోడకి కొట్టుకుంది. అక్కడ చర్మం లేదు, ప్లాస్టిక్ ఉంది. పోయిన వివరం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. గ్రీన్ ఛానెల్ చీకటిగా, గింజలు గింజలుగా ఉన్నా కాస్త ప్రాణంతో ఉంది. దాన్నే నలుపు తెలుపు ఫొటోలా తీసుకుని, నాయిస్ తగ్గించి, క్రిటాలో పెన్ను పట్టుకుని రంగు నేనే వేశా. వెనక గోదావరి. గట్టు మీంచి అంతకుముందు తీసిన ఫొటో ఆధారంగా ఆర్చ్ బ్రిడ్జి, అవతల కొవ్వూరు వైపు దిగుతున్న సూర్యుడు.

డిజిటల్ బొమ్మలు వేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. మధ్యమధ్యలో బొమ్మని అద్దంలోలా తిప్పి చూస్తాం. క్రిటాలో ఎం నొక్కితే చాలు. చూసి చూసి కళ్లకి అలవాటైపోయిన తప్పులు అలా తిప్పితే బయటపడతాయి. మాస్టార్ని తిప్పితే తప్పు కనిపించలేదు సరికదా, ఇంకా అందంగా కనిపించారు. మొహం సూర్యుడి వైపు వచ్చింది. దాంతో ఆయన లేయర్లని నిజంగానే తిప్పేసి, బుగ్గ మీద సాయంత్రపు ఎండ పూశా. మైకు మీది అక్షరాలు తిరగబడ్డాయని చూసుకుని చెరిపేశా కూడా. అంత జాగ్రత్త మనిషిని.

కాన్వాసు మీద ప్రింటు తీయించి వాళ్లింటికి వెళ్లా. తలుపు తీసి, ఒక్క నిమిషం చూసి, “ఫౌండేషన్ అయిందా?” అన్నారు. అంతే. మిగతాది ఏమీ అనలేదు.

బొమ్మ చేత్తో పట్టుకున్నారు. నవ్వారు. “ఒరేయ్, నన్ను ఎడంచేతి వాటం చేసేశావే!”

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. నల్లమచ్చ ఉన్న మూత ఎడమచేతి కింద, రవ్వ ముద్ద ఉన్నది కుడిచేతి కింద. మృదంగం తెలిసినవాళ్లెవరైనా మొదట చూసేది అదే.

“పళని సుబ్రహ్మణ్య పిళ్లైగారని, మహానుభావుడు, ఆయనది ఎడంచేతి వాటం,” అన్నారు మాస్టారు. “మచ్చ ఉన్న వైపు సభకి ఉండాలి కదా. అందుకని ఆయన అందరూ కూర్చునే పక్క కాకుండా అవతలి పక్కన కూర్చునేవారు. వయొలిన్ ఆయన ఇవతలికి జరగాలి. అదో పెద్ద గొడవ ఆ రోజుల్లో. నాకంత ఘనత ఎందుకులే.” ఆ తర్వాత నెమ్మదిగా అన్నారు: “రెండేళ్లు నా ఎదురుగా కూర్చున్నావు కదరా. ఏ చెయ్యో మర్చిపోయావా?”

కాఫీ ఇచ్చారు. తాగా. ఏం మాట్లాడానో గుర్తులేదు.

రాత్రి నాతో నేనే వాదించుకున్నా. ఆయన ఎన్నడూ కచేరీ చెయ్యని చోట కూర్చోబెట్టా. గంటన్నర తేడా ఉన్న రెండు క్షణాల్ని ఒకే క్షణం చేశా. అవన్నీ అబద్ధాలు కావా, చెయ్యొక్కటే అబద్ధమా? నాకు తోచింది ఇది. గోదావరి వల్ల ఎవరూ మోసపోరు, చూడగానే బొమ్మ అని తెలుస్తుంది. చెయ్యి అలా కాదు. యాభై ఏళ్లుగా కొట్టి కొట్టి కాయలు కాసిన చెయ్యి అది. దాన్ని నేను వెలుతురు కోసం మార్చేశా. ఇంకో ఘోరం కూడా అప్పుడే బయటపడింది. అసలు ఫొటోని పెద్దది చేసి చూస్తే చూపుడువేలి పక్కన కాయ స్పష్టంగా ఉంది. నా నాయిస్ రిడక్షన్ దాన్ని మచ్చ అనుకుని నున్నగా తుడిచేసింది. నేను గమనించలేదు.

బొమ్మ మొత్తాన్ని వెనక్కి తిప్పొచ్చు, ఒక్క నొక్కు. కానీ అప్పుడు వంతెన తిరగబడుతుంది. గట్టు మీంచి చూస్తే వంతెన ఎటుంటుందో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకని మాస్టార్ని మాత్రమే తిప్పా. సూర్యుడు ఆయన వీపు వెనక్కి వెళ్లాడు. బుగ్గ మీది ఎండంతా చెరిపి, మెడ మీద, భుజం మీది కండువా అంచున సన్నటి గీతలా వేశా. మొహం నీడలో పడింది. హైదరాబాద్ తిరిగొచ్చాక పది రాత్రులు ఆ నీడ మీదే కూర్చున్నా. నీడంటే నలుపు కాదని, అందులో ఆకాశపు నీలం, నీటి మీంచి వచ్చే ఎరుపు రెండూ ఉంటాయని పుస్తకంలో చదివింది వేరు, వేసి చూడటం వేరు. వేలి మీద కాయ కూడా మళ్లీ వేశా. మొదటి బొమ్మలో ఆయన అందంగా ఉన్నారు. రెండోదాంట్లో వింటున్నారు. నాకు రెండోదే నచ్చింది. ఆన్‌లైన్‌లో పెడితే మొదటిదానికే ఎక్కువ లైకులు వస్తాయని కూడా తెలుసు.

మొన్న శనివారం రాత్రి బస్సెక్కి వెళ్లి ఇచ్చా. ఈసారి కళ్లజోడు తెచ్చుకుని చూశారు. కుడిచెయ్యి చూశారు. కాయ చూసి తన వేలు ఒకసారి తడుముకున్నారు. తర్వాత ఎడమవైపు వేలు పెట్టారు.

“రవ్వ ఎండిపోయిందిరా.”

నిజమే. చేతులు తని చివర్లో తీసిన ఫొటోలోవి. కచేరీ మొదట్లో తడిగా ఉన్న ముద్ద అప్పటికి ఎండి అంచుల్లో బీటలిచ్చింది. మొహమేమో ఇంకా మొదటి ఆలాపన వింటోంది. ఐదు నిమిషాలు ఇవ్వండి మాస్టారూ, తడిగా మార్చేస్తా అని లాప్‌టాప్ తియ్యబోయా.

“వద్దులే. తని వాయించాక ఎండదూ మరి? ఉండనీ,” అని లోపలికి కేకేశారు. “ఏమేవ్, సుత్తి ఎక్కడుంది?”